కొలెస్ట్రాల్ గోలీతో కాళ్ల తిమ్మిర్లా? ఆపడం, తగ్గించడం, మార్చడం: ఏది ఎవరికి

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే మా బాపు మంచం కింది రేకు పెట్టెలో 11 స్ట్రిప్పులు దొరికాయి. ఒక్కటి కూడా చించలేదు. ఆగస్టులో గుండెకు స్టెంట్ వేసినప్పుడు రోజూ రాత్రి వేసుకోమని రాసిన క్యాప్సూల్ అది. నెలనెలా నా షాపు నుంచే పంపిన మందు.

"ఇదేంది బాపూ?" అంటే ఆయన అరికాళ్లు చూపించాడు. "అది మింగుడు మొదలువెట్టినప్పటి సంది మంటలు లేస్తున్నయ్ రా. కొలెస్ట్రాల్ గోలీ నరాలను తింటదట. పిలగాడు ఫోన్‌ల వీడియో చూపిచ్చిండు."

హన్మకొండలో మెడికల్ షాపు పెట్టి నాకు 20 ఏళ్లు దాటింది. ఈ మాట కౌంటర్ దగ్గర వారానికి నలుగురైనా అంటారు. వాళ్లకు చెప్పే జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. బాపు ముందు మాత్రం నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆయన ఆపింది కొలెస్ట్రాల్ మందు ఒక్కటే కాదు. ఆ క్యాప్సూల్‌లో మూడు మందులున్నాయి: అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. చివరి రెండూ రక్తం గడ్డ కట్టకుండా చూసేవి. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో అవి ఆగితే స్టెంట్ లోపలే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. దాదాపు నాలుగు నెలలు ఆయన ఆ గండంలో తిరిగాడు. తనకూ తెలియదు, నాకూ తెలియదు.

అందుకే ఏం ఆపాలి, ఏం మార్చాలి అనే చర్చకు ముందు ఒక పని చేయండి. మీరు వేసుకునే గోలీ వెనుక ఉన్న పేర్లు చదవండి, లేదా చదివించుకోండి. ఒకే పేరుంటే సరే. రెండో మూడో ఉంటే అది కలిపిన మందు. అలాంటిదాన్ని సొంతంగా ఆపకూడదు. కొలెస్ట్రాల్ మందు మీదే అనుమానం ఉందని డాక్టరుకు చెప్పి, విడివిడి గోలీలు రాయించుకోండి. అప్పుడే దాన్ని ఒక్కదాన్నే ఆపి చూసే వీలుంటుంది. మా బాపుకు కూడా గుండె డాక్టరు ముందు నాలుగు తిట్లు తిట్టి, తరువాత చేసింది ఇదే.

నరమా, కండరమా?

స్టాటిన్లంటే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు. వీటితో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు నరాలది కాదు, కండరాలది. మన దగ్గర రెంటినీ కలిపి "నరాలు గుంజుతున్నయ్" అనేస్తాం. డాక్టరు కూడా తొందరలో ఉంటే అదే మాట పట్టుకొని నరాల గోలీ రాసేస్తాడు. ఈ రెంటినీ విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది.

కండరం నొప్పి తొడల్లో, పిక్కల్లో, భుజాల్లో ఉంటుంది. బరువుగా, పీకినట్టుగా ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు తెలుస్తుంది. ముట్టుకుంటే స్పర్శ మామూలుగానే ఉంటుంది. నరాల బాధ అలా కాదు. రెండు కాళ్ల వేళ్లలో, అరికాళ్లలో ఒకేలా మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మంట, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, దూది మీద నడిచినట్టు ఉంటుంది. రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా, పదడుగులు నడిచిన తరువాత గానీ తెలియదు.

ఈ రెంట్లోనూ ఇమడని బాధలు కొన్నున్నాయి. ఒకే కాలులో తుంటి నుంచి కిందికి జిల్లుమంటే ముందు నడుము చూపించుకోవాలి. చేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు రాత్రిపూట మొద్దుబారితే చాలాసార్లు మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉంటుంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే పట్టేస్తుంటే కాలి రక్తనాళం పూడుకుపోతోందేమో చూడాలి. నాళాల పూడికే అని తేలితే కొలెస్ట్రాల్ మందు అవసరం ఇంకా పెరుగుతుంది. ఆ నొప్పికి భయపడి మందు ఆపేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వెంటనే దవాఖానాకు పోవాల్సినవి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టాటిన్ వేసుకుంటూ ఒళ్లంతా విపరీతమైన నొప్పులు, నీరసం వచ్చి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అనుమానించాలి. ఇది చాలా అరుదు, కానీ అత్యవసరం. సెరివాస్టాటిన్ అనే మందును 2001లో మార్కెట్ నుంచి తీసేసింది దీనివల్లే. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం ఉంటే అది నరానికి, కండరానికి మధ్య వచ్చే మయస్థీనియా కావచ్చు. స్టాటిన్లతో అది అరుదుగా మొదలవచ్చని, ఉన్నవాళ్లకు పెరగవచ్చని బ్రిటన్ మందుల సంస్థ 2023లో హెచ్చరించింది. కాళ్ల నుంచి పైకి రోజురోజుకూ బలం పోతున్నా, ఒక పక్క చెయ్యి కాలు ఒక్కసారిగా పడిపోయినా గోలీ గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు.

బాపు కాళ్లు, వేయిస్తంభాల గుడి బండలు

బాపు చెప్పినవన్నీ నరాల లక్షణాలే. రెండు అరికాళ్లూ మంట, రాత్రి ఎక్కువ, చెప్పు జారినా తెలియకపోవడం. గోలీ మొదలుపెట్టాకే వచ్చాయని ఆయన గట్టి నమ్మకం. నేనూ దాదాపు నమ్మాను. నెమ్మదిగా ఒకటి గుర్తొచ్చింది.

స్టెంట్ వేయడానికి మూడు నెలల ముందు, మే నెలలో, మనవరాలి పుట్టినరోజని అందరం వేయిస్తంభాల గుడికి పోయాం. మిట్టమధ్యాహ్నం. చెప్పులు విడిచి బండల మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. మేమందరం ఒక కాలెత్తి ఒక కాలేస్తూ నీడలోకి ఉరికాం. బాపు మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని, నంది దగ్గర ఆగి చెక్కడం చూసుకుంటూ, తీరుబడిగా నడిచి వచ్చాడు. "రైతు కాళ్లంటే గట్లుంటయ్" అని మేం మురిసిపోయాం. రాత్రికి ఆయన అరికాలిలో రూపాయి బిళ్లంత బొబ్బ కనిపించింది. చెప్పు కరిచి ఉంటుందిలే అనుకున్నాం.

ఆ మే నెలలో ఆయన కొలెస్ట్రాల్ గోలీ ఒక్కటి కూడా మింగలేదు. నరాలు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. మొద్దుబారిన కాలు గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. మంట మొదలైనప్పుడే చేస్తారు. ఆ మంట ఎప్పుడు మొదలైతే అప్పుడు కొత్తగా చేతిలో ఉన్న గోలీ మీద నింద పడుతుంది.

కాబట్టి మీరు కూడా తేదీలు రాసుకోండి. గోలీ ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది, తిమ్మిరి ఎప్పుడు వచ్చింది. గోలీకి ముందు ఏడాదిలో కాలికి తెలియని దెబ్బ, బొబ్బ, ముల్లు ఏమైనా ఉన్నాయా అని ఇంట్లోవాళ్లను అడగండి. వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది.

గోలీ కన్నా ముందు అనుమానించాల్సినవి

మొదటిది షుగర్. మన దగ్గర అరికాళ్ల మంటలకు అతి పెద్ద కారణం అదే. కొలెస్ట్రాల్ గోలీ వాడేవాళ్లలో చాలామందికి షుగర్ కూడా ఉంటుంది కాబట్టి ఒకరి తప్పు ఇంకొకరి మీద పడటం తేలిక. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి.

రెండోది బీ12. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే పేగులో బీ12 ఇంకడం తగ్గుతుంది. మాంసం, గుడ్డు, పాలు తక్కువ తినేవాళ్లకు ఇంకా త్వరగా తగ్గుతుంది. బాపు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి 12 ఏళ్లు. బీ12 చేయిస్తే 160 దగ్గర ఉంది. 200 కన్నా తక్కువుంటే లోపమనే అంటారు, 300 లోపు ఉంటే అనుమానమే. 12 ఏళ్లుగా ఆయనకు మెట్‌ఫార్మిన్ ఇస్తున్నది నేనే. ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించలేదు. దీపం కింద చీకటి.

మూడోది థైరాయిడ్. దీని దగ్గర కాస్త ఆగాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది. కండరాలు నొస్తాయి, చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పైగా ఆ స్థితిలో స్టాటిన్ ఇస్తే కండరాల బాధ ఇంకా ఎక్కువవుతుంది. మా షాపుకొచ్చే ఒక టీచరమ్మ ఏడాదిగా రోసువాస్టాటిన్ 20 వేసుకుంటూ, పిక్కల నొప్పితో స్కూల్ మెట్లెక్కలేక, మందు మార్చుకుంటూ తిరిగింది. చివరికి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయిస్తే బాగా ఎక్కువగా, 18 వచ్చింది. థైరాయిడ్ గోలీ మొదలయ్యాక నొప్పీ తగ్గింది, కొలెస్ట్రాలూ దిగింది. ఇప్పుడు ఆమెకు రోసువాస్టాటిన్ 5 సరిపోతోంది. కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టే ముందే టీఎస్‌హెచ్ చేయించడం పద్ధతి. చేయించలేదంటే ఇప్పుడైనా అడగండి.

మిగతావి త్వరత్వరగా చెప్తాను. రోజూ తాగే మద్యం నరాలను నేరుగా దెబ్బతీస్తుంది. టీబీకి వాడే ఐసోనియాజిడ్ బీ6ను తగ్గించి తిమ్మిర్లు తెస్తుంది. కిడ్నీ జబ్బు తేగలదు. పత్తి చేన్లకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు బాగా ఒంట్లోకి పోతే, ఆ గండం గడిచాక రెండు మూడు వారాలకు కాళ్లలో బలం పోయే జబ్బు రావచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతులెవరికైనా తిమ్మిర్లుంటే స్ప్రే సంగతి డాక్టరుకు చెప్పాలి, అడిగినా అడగకపోయినా. చర్మం మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, ఆ చోట స్పర్శ లేకపోతే కుష్ఠు పరీక్ష చేయించాలి. ప్రభుత్వ దవాఖానాలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఇంకొకటి మా వ్యాపారం మీదే పడే నింద. కాళ్ల మంటలంటే మా దగ్గర బీ కాంప్లెక్స్ అడిగి కొనుక్కుంటారు. బీ6 ఎక్కువ డోసులో నెలల తరబడి వేసుకుంటే ఆ బీ6 వల్లే నరాలు దెబ్బతింటాయి. డబ్బా మీద పైరిడాక్సిన్ అనే పేరు పక్కన ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. నేను కూడా ఎన్నో ఏళ్లు చూడకుండానే అమ్మాను.

ఇంతకీ స్టాటిన్ నరాలను చెడగొడుతుందా?

ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. డెన్మార్క్‌లో 2002లో 166 మంది నరాల రోగులను పరిశీలించారు. వాళ్లందరూ కారణం తెలియని తిమ్మిర్ల జబ్బున్నవాళ్లే. స్టాటిన్ వాడేవాళ్లలో ఆ జబ్బు ముప్పు దాదాపు 3.7 రెట్లు కనిపించింది. అంత మాత్రాన అందరికీ వస్తుందని కాదు. వాళ్ల లెక్క ప్రకారమే 2,200 మంది ఏడాది పాటు వాడితే అదనంగా ఒక్కరికి. పైగా ఆ 166 మందిలో స్టాటిన్ వాడినవాళ్లు 9 మందే. వీడియోల్లో తిరిగే "నరాలను తింటది" అన్న మాటకు మూలాల్లో ఇదొకటి.

వీడియోలు చెప్పని సంగతి ఏంటంటే, అదే డెన్మార్క్‌లో 2017లో ఇంకా ఎక్కువమందిని, 370 మంది రోగులను, తీసుకుని మళ్లీ చూశారు. స్టాటిన్‌కూ తిమ్మిర్లకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అయినా మందు డబ్బాలో వచ్చే సమాచార కాగితాల్లో అరుదైన దుష్ప్రభావాల కింద నరాల జబ్బు పేరు ఇప్పటికీ ఉంటుంది, ఎందుకంటే కొందరు రోగుల్లో గోలీ ఆపితే తగ్గిందని డాక్టర్లు తెలిపారు. జరగడానికి దారి కూడా ఊహించారు. నరం మీది పొరకు కొలెస్ట్రాల్ కావాలి. కణంలో శక్తికి పనికొచ్చే కోక్యూ10 కూడా స్టాటిన్ అడ్డుకునే దారిలోనే తయారవుతుంది. ఊహ బాగానే ఉంది గానీ రుజువు కాలేదు. కోక్యూ10 గోలీలు వేసుకుంటే బాధ తగ్గుతుందని కూడా పరీక్షల్లో తేలలేదు. ఖరీదు మాత్రం తేలుతుంది.

నా అభిప్రాయం అడిగితే, లేదు అని కొట్టిపారేయను. అరుదు అంటాను. మీ తిమ్మిర్లకు అన్ని కారణాలూ వెతికి, ఏదీ దొరకనప్పుడు గోలీ వంతు వస్తుంది.

కండరాల నొప్పి మీద ఇంకా స్పష్టమైన లెక్కలున్నాయి. 2022లో 19 పరీక్షల్లోని సుమారు 1,24,000 మంది వివరాలు కలిపి చూశారు. స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 27.1 శాతం, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లలో 26.6 శాతం కండరాల బాధ చెప్పారు. తేడా అర శాతం. లండన్‌లో 2020లో చేసిన పరీక్ష నాకు ఇంకా నచ్చింది. దుష్ప్రభావాలు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందికి 12 సీసాలిచ్చారు, నెలకొకటి. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి గోలీలు, నాలుగు ఖాళీ. స్టాటిన్ ఏదో, ఉత్తుత్తిది ఏదో వాళ్లకు తెలియదు. ఖాళీ సీసా నెలల్లో బాధ సగటు 8, ఉత్తుత్తి గోలీతో 15.4, స్టాటిన్‌తో 16.3. అంటే గోలీ మింగుతున్నామన్న సంగతే చాలావరకు బాధ తెచ్చింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. బాధ మాత్రం అబద్ధం కాదు. వాళ్లకు నిజంగానే నొచ్చింది.

ఆపి చూడటం: ఎవరు, ఎలా

డాక్టరుతో మాట్లాడి, ఒక్క స్టాటిన్‌ను మాత్రమే ఆపి చూడవచ్చు. కండరాల నొప్పి అయితే రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గడం మొదలవ్వాలి. నరాలు నిదానంగా కోలుకుంటాయి. నెలలు పట్టవచ్చు, కాబట్టి నరాల విషయంలో రెండు వారాల్లో తగ్గలేదని గోలీకి క్లీన్ చిట్ ఇవ్వలేం, తగ్గిందని ఉరిశిక్షా వేయలేం. ఆపాక తగ్గితే మళ్లీ మొదలుపెట్టి చూడటమే అసలు పరీక్ష. మళ్లీ వస్తే అప్పుడు నమ్మాలి. ఈ రెండో భాగం చాలామంది చేయరు.

ఆపే ముందు కండరం దెబ్బతిన్నదా అని చూపే సీపీకే అనే రక్తపరీక్ష, అరికాళ్ల స్పర్శ పరీక్ష చేయించండి. సన్నని నైలాన్ దారంతో గుచ్చి, కంపించే శృతి దండం కాలి వేలి ఎముక మీద పెట్టి డాక్టరు అక్కడికక్కడే చూడగలడు. నరాల కరెంటు పరీక్ష నార్మల్ వచ్చినా నరాలు బాగున్నట్టు పూర్తిగా కాదు. మంట పుట్టించే సన్న నరాలు ఆ పరీక్షకు అందవు.

స్టెంట్ కొత్తగా వేసుకున్నవాళ్లకు, ఈ మధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఈ ప్రయోగం వద్దు. వాళ్లకు ఆపడం కన్నా తగ్గించడం, మార్చడమే దారి.

ఏది దేనికి పనికొస్తుంది

డోసు తగ్గించడం. నేనైతే చాలామందికి ముందు ఇదే అడగమంటాను. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అంటే సగానికి తగ్గిస్తే పోయేదీ అంతే. ఆసియా వాళ్ల రక్తంలో రోసువాస్టాటిన్ స్థాయి తెల్లవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు ఉంటుందని, అందుకే 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం గురించి ఆలోచించమని అమెరికాలో ఆ మందుతో ఇచ్చే సమాచార కాగితంలోనే ఉంది. గుండెపోటు తరువాత డాక్టర్లు కావాలనే ఎక్కువ డోసు రాస్తారు, అది వేరు. కేవలం రిపోర్టులో అంకె పెరిగిందని 20తో మొదలైనవాళ్లు మాత్రం అడగాల్సిందే.

తక్కువ స్టాటిన్‌కు ఎజెటిమైబ్ కలపడం. నాకు అన్నింట్లోకి నచ్చేది ఇదే. ఎజెటిమైబ్ పేగులో కొలెస్ట్రాల్ ఇంకకుండా ఆపుతుంది, ఎల్‌డీఎల్‌ను 20 శాతం దాకా తగ్గిస్తుంది. కొరియాలో 3,780 మంది మీద చేసి 2022లో బయటపెట్టిన పరీక్షలో రోసువాస్టాటిన్ 10 తో ఎజెటిమైబ్ 10 కలిపి ఇస్తే, రోసువాస్టాటిన్ 20 ఒక్కటే ఇచ్చినంత రక్షణ దొరికింది. తట్టుకోలేక మందు ఆపడం గానీ డోసు తగ్గించడం గానీ చేసినవాళ్లు 8.2 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గారు. రెండూ కలిసిన గోలీ ఏ షాపులోనైనా దొరుకుతుంది.

వేరే స్టాటిన్‌కు మారడం. అటోర్వా, సిమ్వా కొవ్వులో కరిగేవి. రోసువా, ప్రావా నీటిలో కరిగేవి, కాబట్టి కండరాల్లోకీ నరాల్లోకీ తక్కువ పోతాయని ఒక వాదన. కాగితం మీద ఉన్నంత తేడా మనుషుల్లో స్పష్టంగా కనిపించలేదు. అయినా ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడటం నేను రోజూ చూసేదే. మార్చి చూడటంలో నష్టం లేదు.

రోజు విడిచి రోజు. రోసువా, అటోర్వా ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి వాటితో కుదురుతుంది. సిమ్వాతో కుదరదు. ఒక చిక్కుంది: ఏ రోజు వేసుకున్నామో మర్చిపోతారు. సోమ, బుధ, శుక్ర అని వారాల లెక్క పెట్టుకోవడం మేలు.

స్టాటిన్ మొత్తానికే వద్దు. ఎజెటిమైబ్ ఒక్కటే సరిపోకపోతే బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. ఇది కాలేయంలోనే పనిచేసే రూపంలోకి మారుతుంది. కండరంలో ఆ మార్పు జరగదు. స్టాటిన్ పడని 13,970 మంది మీద చేసి 2023లో బయటపెట్టిన పరీక్షలో గుండె ప్రమాదాలు 13 శాతం తగ్గాయి. యూరిక్ యాసిడ్ పెంచుతుంది, గౌట్, పిత్తాశయంలో రాళ్లు కాస్త ఎక్కువయ్యాయి. కాలి బొటనవేలు వాచే అలవాటున్నవాళ్లు ముందే చెప్పాలి.

ఇంజెక్షన్లు. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ రెండు వారాలకొకటి. ఇన్‌క్లిసిరాన్ మొదటి రెండు డోసుల తరువాత ఆరు నెలలకొకటి. ఎల్‌డీఎల్‌ను సగానికి, సగానికి పైగా దించుతాయి. ధర మనలాంటి వాళ్లకు గుండె గుభేలుమనేంత. స్టెంట్ ఉండి, ఏ గోలీ పడక, లేదా పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే కుటుంబాలకు తప్ప ముందుగా వీటి జోలికి పోనవసరం లేదు.

ఫైబ్రేట్లు. ఫెనోఫైబ్రేట్ ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని ఇంకో రకం కొవ్వు కోసం. ఎల్‌డీఎల్ మందుకు బదులు కాదు. జెమ్‌ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలపకూడదు, కండరాలకు ప్రమాదం.

వెల్లుల్లి, మెంతులు, రెడ్ ఈస్ట్ రైస్ పొడి. మెంతులు, జొన్నరొట్టె తినండి, మంచివే. స్టెంట్ ఉన్నవాళ్లకు గోలీకి బదులు మాత్రం కావు. ఆన్‌లైన్‌లో రెడ్ ఈస్ట్ రైస్ పేరుతో అమ్మే "సహజ" మందు సంగతి వింటే నవ్వొస్తుంది. అందులో పనిచేసేది మొనాకోలిన్ కె. అది లోవాస్టాటినే, 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్. స్టాటిన్‌కు భయపడి, ఎంత డోసుందో తెలియని స్టాటిన్ కొనుక్కుంటున్నారన్నమాట.

గోలీ తప్పు లేదు, జత తప్పు

కొన్నిసార్లు స్టాటిన్ అంతకుముందు ఏళ్ల తరబడి బాగానే పడి, హఠాత్తుగా ఎదురు తిరుగుతుంది. అప్పుడు మధ్యలో కొత్తగా ఏ మందు చేరిందో చూడాలి. మన ఉక్కపోతకు తామర ఎక్కువ, దానికి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ చీటీ లేకుండానే అడుగుతారు. అది అటోర్వా, సిమ్వా రక్తంలో విపరీతంగా పెరిగేలా చేస్తుంది. గొంతు ఇన్ఫెక్షన్‌కు రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. చర్మం డాక్టరు దగ్గరికి పోయినా, పంటి డాక్టరు దగ్గరికి పోయినా కొలెస్ట్రాల్ గోలీ పేరు చెప్పండి. చాలాసార్లు ఆ కొత్త మందు వాడినన్నాళ్లు, డాక్టరును అడిగి స్టాటిన్ ఒక్కదాన్నే ఆపితే సరిపోతుంది.

మీరు ఏ గట్టున ఉన్నారు

స్టెంట్, బైపాస్, గుండెపోటు, పక్షవాతం ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని మన గుండె డాక్టర్ల సంఘం 2024 మార్గదర్శకాలు చెప్తున్నాయి. అక్కడికి ఏ దారిలో చేరినా సరే, చేరకుండా మాత్రం ఉండొద్దు. ఎల్‌డీఎల్ ఒక 39 పాయింట్లు తగ్గితే పెద్ద గుండె ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గుతాయి. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు, చిన్న వయసులో గుండెపోట్లు వచ్చిన కుటుంబాలు కూడా ఈ గట్టునే.

40 దాటిన షుగర్ రోగులకు కూడా స్టాటిన్ మేలే చేస్తుంది. తిమ్మిర్లు ఉంటే షుగరు, బీ12 ముందు సరిచేసి, గోలీ సంగతి ఆ తరువాత చూడాలి. స్టాటిన్‌తో షుగర్ వస్తుందట కదా అని అడుగుతారు. నిజమే, కొంచెం. 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి అదనంగా. అది కూడా ఎక్కువగా సరిహద్దులో ఉన్నవాళ్లకు.

షుగర్ లేదు, బీపీ లేదు, పొగ లేదు, ఇంట్లో గుండె జబ్బు లేదు, ఎల్‌డీఎల్ మాత్రం 140, ఇప్పుడు కాళ్లు తిమ్మిర్లు. మీకు తొందరేం లేదు. డాక్టరుతో చెప్పి ఆపి, కారణం వెతికి, మూడు నెలలు నడక, తిండి సరిచేసుకుని మళ్లీ పరీక్ష చేయించండి. ఈ గట్టున ఉన్నవాళ్లే ఎక్కువగా భయపడుతూ మింగుతారు, అవతలి గట్టున ఉన్న మా బాపులాంటి వాళ్లు ధైర్యంగా ఆపేస్తారు. అదే మా కౌంటర్ దగ్గర రోజూ కనిపించే విచిత్రం.

పరీక్షల ఖర్చు గురించి ఒక మాట. లిపిడ్, థైరాయిడ్, షుగర్ పరీక్షలకు ప్రైవేటు ల్యాబుకే పోనక్కర్లేదు. పీహెచ్‌సీ, బస్తీ దవాఖానా నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపిస్తే డబ్బు కట్టే పని లేదు. గోలీలు జనఔషధిలో కొన్నా పని అదే చేస్తాయి. నా షాపు నష్టం నేను చూసుకుంటాను.

బాపుకు ఇప్పుడు బీ12 ఇంజెక్షన్లు అయిపోయాయి, గోలీలు నడుస్తున్నాయి. రక్తం పలుచన చేసేవి విడిగా పొద్దున, రోసువాస్టాటిన్ 10 ఎజెటిమైబ్‌తో రాత్రి. మంట సగమైనా తగ్గిందంటాడు. మొద్దు మాత్రం అట్లాగే ఉంది, అందుకని రాత్రి పడుకునే ముందు అమ్మ టార్చిలైటు వేసి ఆయన అరికాళ్లు రెండూ చూస్తుంది. మొన్న శనివారం తుమ్మముల్లు ఒకటి తీసింది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియదు.